రెండో మాత్ర

బోగోలు,
6 మార్చి 2023

అక్కా,

దేవుని దయవల్ల నువ్వూ, నీ హాస్టలు పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, కవరు చూసి కంగారుపడకు. అయిందంతా నాకే.

ఫోనులో చెబుదామంటే నీకు చెవి సరిగా వినబడక స్పీకరు పెడతావు. హాస్టల్లో ఉన్న అరవై మంది ఆడపిల్లలూ నా గోడు వింటారు. మెసేజి పెడదామంటే అది హాస్టలు ఫోను, వార్డెనమ్మవి నీకంటే ముందు వాళ్ళే చదువుతారు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కాగితం, కలం పట్టుకున్నాను.

మొన్న శనివారం అంగన్‌వాడీలో సాహిరాను కొట్టాను. నాలుగేళ్ళ పిల్ల. పాల గ్లాసు ఒలకబోసింది, అంతే. నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. చెంప మీద వేళ్ళు తేలాయి. ఆ పిల్ల ఏడవలేదు. కొట్టింది నేనేనా అని నా మొహంలోకి చూసింది. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చినప్పుడు నేనే చెప్పేశాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "పంతొమ్మిదేండ్లలో ఒక్క బిడ్డ మీద చెయ్యెత్తలేదే నువ్వు. ఒంట్లో బాగలేదా టీచరా?" అని అడిగింది. ఇంటికొచ్చి వంటింటి తలుపేసుకొని ఏడ్చాను.

బాగాలేదక్కా. ఏడాదిగా బాగాలేదు. ఉన్నట్టుండి రొమ్ముల దగ్గర మంట పుట్టి, మెడ మీదుగా చెవులదాకా ఎక్కుతుంది. నిమిషంలో జాకెట్టు తడిసి ముద్దవుతుంది. వెంటనే చలి. రోజుకు పదిహేనుసార్లు, ఇరవైసార్లు. నిద్ర లేదు. పిల్లల బరువులు తూచి రిజిస్టరులో ఎక్కించేటప్పుడు ఎదురుగా ఉన్న పిల్ల పేరు గుర్తుకు రాదు. ఆండ్రూ చెయ్యి వేస్తే ఒళ్ళు పచ్చిపుండులా ఉంటుంది. ఆయన అటు తిరిగి పడుకుంటాడు. పొద్దంతా బోటింజన్లతో కుస్తీపట్టి వచ్చిన మనిషికి నేనిచ్చేది కసుర్లు మాత్రమే.

మొన్న హార్బరులో గోడ చివరిదాకా నడిచి, నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను. దూకాలని కాదు. లోపల చల్లగా ఉంటుంది కదా అనిపించింది. అట్లా అనిపించినందుకు భయపడి వెనక్కి వచ్చేశాను.

ఇక్కడి ఆసుపత్రిలో చూపించుకుంటే, "వయసు కదమ్మా, ఓర్చుకోవాల" అని కాల్షియం బిళ్ళలిచ్చారు. ఎంతకాలం ఓర్చుకోవాలో చెప్పలేదు. నీకు ఆపరేషనైన కొత్తలో నువ్వూ ఇట్లాగే కాలిపోయేదానివి. తర్వాత నెల్లూరు డాక్టరమ్మ ఏదో మాత్ర ఇస్తే మళ్ళీ మనిషివయ్యావు. దాని పేరు రాసి పంపు. నాకింక శక్తి లేదు.

నీ చెల్లెలు,
అబిగయీలు


గూడూరు,
11 మార్చి 2023

అబీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే కళ్ళద్దాలు మసకబారాయి. ముందు ఆ గోడ మీదికి పోవడం మానెయ్యి. చల్లగా కావాలంటే నెత్తిన తడిగుడ్డ వేసుకొని ఫ్యాను కింద కూర్చో, దానికి సముద్రందాకా ఎందుకు? నిన్ను నవ్వించడానికి రాస్తున్నాను గానీ నాకు భయమేసింది. గోడ సంగతి ఈరోజే ఆండ్రూకు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.

నీకు పిచ్చేమీ పట్టలేదు. ఒంట్లో ఉండాల్సిన హార్మోను తగ్గిపోతే ఇట్లాగే ఉంటుంది. నాకు నలభై ఒకటో ఏట గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారు కాబట్టి ఆ మంట ఒక్కసారిగా వచ్చి మీదపడింది. నీకు అండాశయాలు ఉంచారన్నావు, అందుకే యాభై దాకా నెట్టుకొచ్చావు. నేను పదకొండేళ్ళు ఆ మాత్ర వేసుకున్నాను. మొన్న క్రిస్మస్‌కు ముందు డాక్టరమ్మే, "మామూలుగా ఆగిపోయే వయసు నీకూ దాటిపోయింది, ఇక మెల్లగా మానేద్దాం" అంది. మానేశాను.

మొదలుపెట్టిన రోజు ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఇక్కడి నిమ్మకాయల మార్కెట్టులో కాటా వేసినట్టు, రెండు పక్కలా పెట్టి చూపించింది. మంటలు తగ్గుతాయి, నిద్ర పడుతుంది, ఎముకలు గుల్లబారవు, నువ్వు రాసిన ఆ పచ్చిపుండు బాధ కూడా తగ్గుతుంది. అది ఒక పక్క. కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు, ఎక్కడో ఒకరికి పక్షవాతం రావచ్చు, కొన్ని రకాలు ఏళ్ళ తరబడి వాడితే రొమ్ము క్యాన్సరు ముప్పు కొంచెం పెరుగుతుంది. ఇది ఇంకో పక్క. నెలసరి ఆగిన కొత్తలో మొదలుపెట్టినవాళ్ళకు మొగ్గు లాభం వైపే ఉంటుందట, అరవై దాటాక మొదలుపెడితే ముప్పు వైపు దిగుతుందట. నాకు బీపీ చూసింది, రొమ్ములు పరీక్ష చేసింది, లివరు సంగతి అడిగింది, ఇంట్లో ఎవరికైనా క్యాన్సరు వచ్చిందా అని అడిగింది. అంతా అయ్యాకే చీటీ రాసింది.

ఇంకో సంగతి చెప్పింది. గర్భసంచి ఉన్నవాళ్ళకు ఈ మాత్ర ఒక్కటే ఇవ్వకూడదట. జతగా రెండో మాత్ర ఉండి తీరాలి. లేకపోతే సంచి లోపలి పొర మందమెక్కి, చివరికి క్యాన్సరుకు దారితీస్తుందట. ఆ బెడద మనిద్దరికీ లేదు. నాది పోయిన మరుసటి ఏడే నీదీ వదిలించుకున్నావు.

అయినా చూపించుకోకుండా వేసుకునే మందు కాదిది. ఇరవై ఐదో తారీఖు శనివారం నెల్లూరు రా, నేనూ వస్తాను. డాక్టరమ్మను కలిసి, మధ్యాహ్నం ఇద్దరం కడుపునిండా చేపల పులుసు తిని ఎవరి బస్సు వాళ్ళం ఎక్కుదాం.

ఎలిశబెతు


బోగోలు,
19 మార్చి 2023

అక్కా,

నువ్వు రాసినవన్నీ చదివాను. నాకు ఏ ఇబ్బందీ లేదు. కానీ నెల్లూరు రాలేను. ఆయా సెలవులో ఉంది, నెలాఖరున పైవాళ్ళు తనిఖీకి వస్తారు. సెంటరు మూసి వచ్చే పరిస్థితి లేదు.

బీపీ ఇక్కడే చూపించుకున్నాను. నూట ముప్పై, ఎనభై నాలుగు. రొమ్ముల్లో గడ్డల్లేవు, నువ్వు ఎప్పుడో నేర్పినట్టే చూసుకున్నాను. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళం, నీకు పడ్డ మందు నాకు పడదా? నువ్వు మానేశావు కదా, మిగిలినవి ఉంటే పంపు.

గోడ సంగతి ఆండ్రూకు చెప్పాను. స్పానరు కింద పెట్టి, చేతులు తుడుచుకొని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు నేను చేపలు తేవడానికి హార్బరు వైపు పోయినా వెనకాలే వస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళు చూసి కొత్త జంట అని నవ్వుతున్నారు.

ఆదివారం చర్చిలో పాట మధ్యలో మంట కమ్ముకొచ్చి, పుస్తకం వదిలేసి బయటికి పరుగెత్తాను. చేతిపంపు కింద తల పెట్టి, చీరతో సహా తడిసిపోయాను. పిల్లలు నన్ను చూసి నవ్వారు. వాళ్ళ తప్పు లేదు.

నువ్వు పంపకపోతే నేనేం చేస్తానో నాకే తెలియదు. ఇది బెదిరింపు కాదు అక్కా.

అబి


గూడూరు,
27 మార్చి 2023

అబీ,

తప్పు చేస్తున్నానని తెలిసే చేస్తున్నాను. నీ ఉత్తరంలో ఆఖరి మాట నన్ను వారం రోజులు కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

కావలి బస్సు నడిపే పెంచల్ చేతికి నిమ్మకాయల సంచి ఇచ్చాను. అడుగున డబ్బాలో నా మాత్రలున్నాయి. తేదీ చూశాను, ఇంకా రెండేళ్ళుంది. అయిపోతే నా పాత చీటీతోనే తెచ్చి పంపుతాను. రోజూ ఒకే వేళకు ఒక్కటి. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, గుండెల్లో పొడిచినట్టున్నా, తల తిరిగి మాట తడబడినా ఆపేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. రొమ్ములో గోళీకాయంత తగిలినా నాకు చెప్పాలి. వీలు చూసుకొని డాక్టరమ్మ దగ్గరికి రావాలి.

ఒక్క మాట కూడా నా దగ్గర దాచకు. నేను నీకు మాత్రలు పంపుతున్నది నీ ఒంటి సంగతంతా నాకు తెలుసుననే ధైర్యంతోనే.

ఎలిశబెతు


బోగోలు,
2 జూలై 2023

మా మంచి అక్కా,

నిద్ర పడుతోంది! పడుకుంటే తెల్లారి కోడి కూసేదాకా మెలకువ లేదు. మంట ఎప్పుడో రెండు రోజులకొకసారి పలకరించి పోతుంది. పాల గ్లాసు ఒలికితే గుడ్డ తెచ్చి తుడుస్తున్నాను. సాహిరా మళ్ళీ నా ఒళ్ళో ఎక్కి కూర్చుంటోంది. ముప్పై ఒక్క మంది పిల్లల పేర్లూ చూడకుండా చెప్పగలను.

ఆండ్రూ సంగతి రాయమంటావా? రాయను, సిగ్గు. ఇప్పుడు ఆయన హార్బరుకు నా వెనకాల రావడంలేదు, పక్కన వస్తున్నాడు.

చర్చిలో పాట చివరిదాకా పాడాను. నువ్వు నాకు రెండోసారి అమ్మవయ్యావు.

అబి


గూడూరు,
10 జూలై 2023

అబీ,

సిగ్గుపడేదానివి సగం రాసి ఎందుకు వదిలావు? నా వయసులో ఉత్తరాలు చదువుకోవడం తప్ప ఇంకేం సరదా ఉంది. మీ బావ సమాధానం గారు పోయి ఆరేళ్ళు, నా చుట్టూ ఉన్నది అరవై జడలు, వాటిలో పేలు.

సంతోషం. పెంచల్ చేతికి ఇంకో మూడు నెలలకు సరిపడా ఇచ్చాను. కానీ ఈ దొంగ వైద్యం ఎల్లకాలం నడవదు. క్రిస్మస్ పండుగ కాగానే నెల్లూరు రావాల్సిందే. అప్పుడు కూడా తనిఖీ, ఆయా సెలవు అన్నావంటే నేనే వచ్చి జుట్టు పట్టుకొని ఈడ్చుకుపోతాను.

ఎలిశబెతు


బోగోలు,
21 జనవరి 2024

అక్కా,

దీన్ని చించెయ్యకుండా చివరిదాకా చదువు. అంతకంటే నిన్నేమీ అడగను.

నాకు రక్తం పోతోంది. మూడు నెలలుగా పోతోంది.

గర్భసంచి లేనిదానికి రక్తం ఎక్కడిది అనుకుంటావు. ఉందక్కా. నా గర్భసంచి నాకే ఉంది. పన్నెండేళ్ళ కిందట నేను ఆపరేషన్ చేయించుకోలేదు.

కావలి ఆసుపత్రిలో చేర్చుకొని, ఆకుపచ్చ గౌను తొడిగి బల్ల మీద కూర్చోబెట్టారు. పక్క బల్ల మీద ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి. నీకు దేనికి తీస్తున్నారని అడిగాను. "నడుము నొప్పి కదక్కా. మా ఈదిలో అందురూ తీపించుకున్నారు, ఒక పనైపోతాది" అంది. నాకు ముప్పై ఎనిమిది. మెర్లిన్ పుట్టి పదమూడేళ్ళయినా, ఇంకొక బిడ్డ పుడుతుందన్న ఆశ నాకు పోలేదు. నవ్వుతావని నీకు కూడా చెప్పుకోలేదు. ఆండ్రూ తలుపు దగ్గర ఉంటే, నన్ను ఇక్కడినుంచి తీసుకుపో అన్నాను. ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. "నడువు మే" అన్నాడు. గౌను మీదే చీర చుట్టుకొని వచ్చేశాం.

ఇంటికి పోతే మా అత్త రెబెక్కమ్మ ఊరుకునే మనిషి కాదు కదా. కావలిలో బోటు సామాన్ల కొట్టున్న మీరా మొహిద్దీన్ గారు ఆండ్రూకు స్నేహితుడు. ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వడంలేదని ఆండ్రూచేత అందరికీ చెప్పించి, తొమ్మిది రోజులు వాళ్ళింట్లో దాక్కున్నాను. ఆయన భార్య ముంతాజ్ బేగం నన్ను వేరే డాక్టరుకు చూపించింది. అప్పట్లో నాకు నెలనెలా విపరీతంగా పోయే రక్తం ఆయన మందులతోనే అదుపుకొచ్చింది. తర్వాత నడుముకు గుడ్డ బిగించుకొని, మెల్లగా అడుగులేస్తూ ఇల్లు చేరాను. కింది నుంచి తీశారు, కుట్లు కనపడవు అని చెప్పాను. నాలుగు రోజులు పోయాక, సమయం చూసి అత్తకు నిజం చెప్పేద్దామనుకున్నాను.

ఆ ఆదివారమే ఆవిడ నన్ను చర్చిలో లేపి నిలబెట్టి, సాక్ష్యం చెప్పమంది. స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడ. నా ఆపరేషన్ కోసం మూడు రోజులు ఆడవాళ్ళందరిచేతా ఉపవాస ప్రార్థన చేయించింది. వాళ్ళంతా నా మొహంలోకి చూస్తున్నారు. మైకు పట్టుకొని, కత్తి కింద పడుకున్నదాన్ని దేవుడు ప్రాణాలతో లేపాడని చెప్పాను. అందరూ స్తోత్రమని చప్పట్లు కొట్టారు. ఇంట్లో చెప్పిన అబద్ధమైతే ఇంట్లో దిద్దుకోవచ్చు. దేవుని సన్నిధిలో చెప్పినదాన్ని ఎక్కడ నిలబడి వెనక్కి తీసుకోవాలి?

ఆ మర్నాడే నువ్వు వచ్చావు. పదిహేను రోజులు సెలవు పెట్టి, నాటుకోడి పులుసు కాచి పోసి, నన్ను బిందె ముట్టనివ్వక, మంచం మీద కూర్చోబెట్టి నా కాళ్ళు పట్టావు. లేని పుండుకు సేవ చేశావు. ఒకరోజు నా కాళ్ళు పడుతూ పడుతూ ఏడ్చావు. ఆ రోజు నోటిదాకా వచ్చింది.

పదేళ్ళకు పైగా నెలనెలా దొంగలా బతికాను. ప్యాడ్లు హ్యాండుబ్యాగులో దాచుకొని అంగన్‌వాడీకి మోసుకుపోయేదాన్ని. అత్త పోయాక కూడా అలవాటు పోలేదు. బిడ్డ రాలేదు. నలభై తొమ్మిదో ఏట అంతా ఆగిపోయింది.

రెండో మాత్ర గురించి నువ్వు రాసిన ఉత్తరం నా ట్రంకులో ఉంది. ఆ నాలుగు వాక్యాలూ నాకు కంఠతా వచ్చు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. నీతో నెల్లూరు వస్తే స్కానింగులో బయటపడుతుంది. రాకపోతే కాలిపోతాను. ముందు మంట ఆరితే చాలు, తర్వాతి సంగతి దేవుడు చూసుకుంటాడనుకున్నాను.

అక్టోబరులో మొదటిసారి మరక చూసినప్పుడు నేను భయపడలేదు. సంతోషించాను. పోయింది తిరిగి వచ్చిందేమో అనుకున్నాను. ఈ వయసులో, ఇంత తెలిసి కూడా, ఒక వారం రోజులు ఆ పిచ్చి ఆనందంలో ఉన్నాను. ఆ తర్వాత అది ఆగలేదు. నిన్న గడ్డలు పడ్డాయి. మాత్ర మానితే మంట, వేస్తే రక్తం. నాకు చావంటే భయంగా ఉంది. నీ మొహం చూడాలంటే అంతకంటే భయంగా ఉంది.

అబిగయీలు


గూడూరు,
24 జనవరి 2024

పెంచల్ చేతికిచ్చి పంపుతున్నాను, సాయంత్రానికి అందుతుంది. ఇక మాత్ర వేసుకోకు. రేపు తొమ్మిదింటికి నెల్లూరు బస్టాండులో ఉంటాను. ఆండ్రూను తీసుకొని రా. రక్తం ఎక్కువైతే రేపటిదాకా ఆగకుండా దగ్గరున్న ఆసుపత్రికి పో. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

ఎలిశబెతు


గూడూరు,
1 ఫిబ్రవరి 2024

అబీ,

ఆ రోజు నెల్లూరులో నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు రెండుసార్లు "అక్కా" అన్నావు. వినబడనట్టు ఊరుకున్నాను. వినబడింది. నాకు చెవుడొచ్చాక దాన్ని ఇంత నీచంగా వాడుకోవడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ నన్ను కడిగేసింది, అందులో తప్పులేదు. లోపలి ముక్క తీసి పరీక్షకు పంపాక నన్ను ఒక్కదాన్నే పిలిచి, "మందు తప్పు కాదమ్మా. ఆవిడకు ఇవ్వాల్సిన మందే. రెండూ కలిపి ఇచ్చి, ఏడాదికోసారి చూసుకుంటూ ఉంటే ఆవిడ సుఖంగా ఉండేది. సగం మందు వేయడం తప్పు" అంది. ఆ సగం పంపింది నేను. నిమ్మకాయల కింద దాచి మరీ పంపాను.

నీ మీద చాలా కోపంగా ఉంది. నీ కాళ్ళు పట్టిన చేతుల్ని చూసుకుంటే ఇంకా కోపం వస్తోంది. తిట్టాలని కూర్చొని రాయడం మొదలుపెట్టాను. కానీ నా ట్రంకులో కూడా ఒక కాగితం ఉంది. దాని సంగతి చెప్పకుండా నిన్ను తిడితే నాకు అన్నం దిగదు.

నా గర్భసంచి తీసిన పదిహేను రోజులకు దాని పరీక్ష రిపోర్టు వచ్చింది. అందులో ఏ జబ్బూ లేదు. గడ్డ లేదు, పుండు లేదు, ఏమీ లేదు. నాకున్నది తెల్లబట్ట, నడుము నొప్పి. మందులతో పోయేవని తర్వాత నెల్లూరు డాక్టరమ్మ చెప్పింది. "క్యాన్సరు అవుతాది, తీసేద్దాం" అని ఒక డాక్టరు బెదిరిస్తే, నేను రెండో మాట అడగకుండా సంతకం పెట్టాను. అండాశయాలు కూడా పోయాయి. పదకొండేళ్ళు నేను మింగిన మాత్ర ఆ ఒక్క సంతకానికి.

ఆ రిపోర్టు మీ బావకు కూడా చూపించలేదు. ఏడాది తిరక్కముందే నీకు ఆపరేషన్ అన్నారు. నువ్వు నన్ను అడిగావు, "చేయించుకోమంటావా అక్కా?" అని. పో, చేయించుకో, హాయిగా ఉంటుంది అన్నాను. హాయా? అప్పటికి నేను ఒళ్ళంతా మంటలతో గోడలకు తల కొట్టుకుంటున్నాను. ఎందుకన్నానో తెలుసా? నువ్వూ చేయించుకుంటే నాది తప్పు కాదని అనిపిస్తుంది. ఒక్కదాన్నే మోసపోలేదని ఉంటుంది. నీ కాళ్ళు పడుతూ ఏడ్చానన్నావే, అది నీ మీద జాలి అనుకున్నావు కదూ. నా చెల్లెల్ని కూడా తెచ్చి నా గుంటలోనే పడేశానని ఏడ్చాను.

నువ్వు పారిపోయావని చదివినప్పుడు కోపం తర్వాత వచ్చింది. మొదట నాకొచ్చింది ఏమిటో చెప్పనా? అసూయ. నువ్వు లేచి వచ్చావు. నేను లేవలేదు.

రిపోర్టు ఏడో తారీఖున వస్తుందన్నారు. అప్పటిదాకా నేను ప్రార్థన చేస్తాను, కానీ ఎవరిచేతా ఉపవాసాలు చేయించను.

ఎలిశబెతు


బోగోలు,
12 ఫిబ్రవరి 2024

అక్కా,

రిపోర్టు మాట ఆండ్రూ ఫోనులో అరిచి చెప్పాడు, నీకు ఎంత అందిందో తెలియదు. క్యాన్సరు కాదు. కానీ లోపలి పొర బాగా మందమెక్కి, కణాల తీరు మారిపోయిందట. వదిలేస్తే అటే పోతుందట. ఒకవేళ ఇప్పటికే ఎక్కడో మొదలై, ముక్కలో దొరకలేదేమో కూడా చెప్పలేమంది డాక్టరమ్మ. గర్భసంచి తీసేయడమే మంచిదంది. ఇరవై రెండో తారీఖు, గురువారం.

పన్నెండేళ్ళ కిందట అవసరం లేకుండా తీయబోతే దాచుకున్నాను. ఇప్పుడు నేనే పాడుచేసుకొని, నేనే తీయించుకోబోతున్నాను. ఇది తలచుకొని ఒక్కోసారి నవ్వొస్తోంది, ఆ నవ్వు ఆపుకోలేక భయమేస్తోంది.

మాత్ర ఆపాక మంటలు మళ్ళీ వచ్చాయి, ముందుకంటే ఎక్కువగా. అంగన్‌వాడీకి సెలవు పెట్టాను. మళ్ళీ ఏ పిల్ల మీద చెయ్యి లేస్తుందోనని నాకు నా మీదే నమ్మకం లేదు. హార్మోను కాని మందేదో ఇచ్చింది, అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందట.

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. నీ ట్రంకులో ఉన్న కాగితం, నా ట్రంకులో ఉన్న కాగితం పక్కపక్కన పెట్టుకొని ముందే చదువుకుని ఉంటే, ఇద్దరం ఈ పాటికి చేపల పులుసు తింటూ ఉండేవాళ్ళం.

నిన్న ఆదివారం. పాస్టరుగారు నా ఆపరేషన్ కోసం ప్రార్థన చేద్దామన్నారు. వెనకనుంచి ఎవరో, "ఆమెకు ఎప్పుడో అయిపోయిందే, మళ్ళా ఏంది?" అన్నారు. అప్పుడు లేచాను. మైకు అడగలేదు. ఇదే చోట నేను అబద్ధ సాక్ష్యం చెప్పానని చెప్పాను. పారిపోయింది, దాక్కున్నది, మాత్ర సంగతి, రెండో మాత్ర సంగతి, రక్తం సంగతి అన్నీ చెప్పాను. మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు లేచి బయటికి పోయారు. పాస్టరుగారికి ఆమెన్ అనాలో వద్దో తెలియలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అందరూ పోయాక పుష్పకుమారి పిన్ని నా దగ్గరికొచ్చింది. ఉపవాసమున్నవాళ్ళలో ఆమె ఒకతె. నన్ను తిడుతుందనే నిలబడ్డాను. "నాకు ముప్పై రెండేండ్లకే తీసేసినారు మే. దేనికి తీసినారో ఇప్పటికీ నాకు తెలీదు. అడగొచ్చని కూడా తెలీదు" అంది. నా చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు. ఆమెకిప్పుడు అరవై ఎనిమిది.

అక్కా, నాకు ఆపరేషన్ కంటే ఆ గౌను తొడుక్కోవడమంటే భయంగా ఉంది. తొడుక్కోగానే కాళ్ళు వాటంతటవే తలుపు వైపు నడుస్తాయేమో. ఈసారి పారిపోతే చస్తానని తెలుసు. తెలిసినా నడుస్తాయేమోనని భయం.

అబి


గూడూరు,
16 ఫిబ్రవరి 2024

అబీ,

హాస్టలుకు పది రోజులు సెలవు పెట్టాను. పిల్లలు ప్రార్థన చేస్తామన్నారు. దేనికి చెయ్యాలి అని అడిగితే, దాచకుండా చెప్పాను. పెద్ద పిల్లలు నలుగురు నోట్సు పుస్తకం తెచ్చుకొని ప్రశ్నలు అడిగారు. మనకు ఎవరైనా ఇట్లా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది.

నీ రిపోర్టు నకలు రెండో డాక్టరుకు చూపించాను. ఆయనా అదే మాట అన్నాడు. ఈసారి రెండో మాట అడిగాకే నీకు చెబుతున్నాను: తీయించుకో. దాచి చెప్పడం లేదు, నా తప్పును కప్పుకోవడానికీ చెప్పడం లేదు. అండాశయాల సంగతి కూడా ముందే అడుగు. తీస్తారా, ఉంచుతారా, ఎందుకు అని అడిగి, అర్థమయ్యాకే సంతకం పెట్టు. అర్థం కాకపోతే పది సార్లు అడుగు. డాక్టరమ్మ విసుక్కుంటే నేను చూసుకుంటాను.

ఆ మాత్ర మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆపరేషనయ్యాక మాట. తీసిన సంచి పూర్తి పరీక్ష రావాలి. అందులో క్యాన్సరు ఉందంటే లెక్కంతా మారిపోతుంది. లేదంటే నీకు రెండో మాత్ర అవసరం ఉండకపోవచ్చు, ఒక్కటే ఇవ్వవచ్చునట. బీపీ చూసి, బిళ్ళా, చర్మానికి అంటించే పట్టీనా, ఎంతకాలం అన్నది ఆవిడ చెబుతుంది. కావాలో వద్దో నువ్వు చెప్పాలి. రాత్రీ పగలూ కాలేది నీ ఒళ్ళే కదా.

గురువారం పొద్దున్నే వస్తాను. నిన్ను లోపలికి తీసుకుపోయేదాకా ఆ తలుపు పక్కనే కుర్చీ వేసుకొని కూర్చుంటాను. గౌను తొడుక్కున్నాక నీ కాళ్ళు తలుపు వైపు నడిస్తే, నడవనీ. నేను నిన్ను పట్టుకోను. తిట్టను. ఎవరికీ ఫోను చెయ్యను. పక్కన కూర్చోబెట్టుకొని, ఎందుకని ఒక్క మాట అడుగుతాను. పన్నెండేళ్ళ కిందట అడగాల్సింది అదే. నువ్వు చెప్పేదంతా విన్నాక, ఇద్దరం లేచి ఆపరేషన్ గది తలుపు దాకా కలిసే పోదాం.

గట్టిగా చెప్పు. నా చెవుల సంగతి తెలుసు కదా. ఆసుపత్రంతా విన్నా ఫర్వాలేదు.

నీ అక్క,
ఎలిశబెతు